నకిలీ అద్దె ఒప్పందం మీ కేసులోకి వస్తే: కాగితం పరిశీలన నుంచి క్రిమినల్ ఫిర్యాదు దాకా

కూకట్‌పల్లిలో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింది భాగం అద్దెకిచ్చి చాలా ఏళ్లయింది. ఖాళీ చేయమని యజమాని లాయరు ద్వారా నోటీసు పంపాడు. రెండు వారాల్లో జవాబు వచ్చింది, దాని వెనుక ఒక జిరాక్సు కాగితం. వంద రూపాయల స్టాంపు మీద 2015 మార్చి నాటి ఒప్పందం. అద్దె నెలకు ఆరు వేలు, అడ్వాన్సు ఐదు లక్షలు, ఇరవై ఏళ్ల దాకా ఖాళీ చేయించకూడదని షరతు, కింద యజమాని సంతకం. ఆ కాగితాన్ని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఈ పని అద్దెదారులే చేస్తారని కాదు. అడ్వాన్సు తిరిగి ఇచ్చేసినట్టు రసీదు పుట్టించే యజమానులున్నారు. ఏడు వేల అద్దెను పదిహేడు వేలని దిద్ది బకాయి దావా వేసేవారూ ఉన్నారు. ఎవరికి జరిగినా మొదటి ఆలోచన పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తడమే. నా లెక్కలో అది ఏడో అడుగు. కాగితాన్ని సరిగ్గా చదవకుండా ఫిర్యాదు రాస్తే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఫిర్యాదే మీ మీదకు తిరుగుతుంది.

మొదటి అడుగు: అది ఏ రకం అబద్ధమో తేల్చుకోండి

అబద్ధం రాసిన కాగితమంతా ఫోర్జరీ కాదు. కాగితంలో అబద్ధం ఉండటం వేరు, కాగితమే అబద్ధం కావడం వేరు. ఆ పత్రం ఎవరు రాసిందని, ఎవరు సంతకం పెట్టిందని చెప్పుకుంటోందో, ఆ విషయంలో మోసం ఉన్నప్పుడే చట్టం దాన్ని తప్పుడు పత్రం అంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ నిర్వచనం 335వ సెక్షన్‌లో ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇది 464.

మీ సంతకాన్ని ఇంకొకరు పెడితే సందేహం లేదు, అది ఫోర్జరీ. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో తర్వాత అంకె దిద్దినా, నడిమి పేజీ మార్చినా అదే. ఖాళీ స్టాంపు కాగితం మీద మీ చేత సంతకం చేయించుకుని, మీకు తెలియని షరతులు నింపినా అదే. చట్టంలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది: ఒకరు సంతకం చేసి మొత్తం రాయకుండా వదిలేసిన చెక్కు ఇంకొకరి చేతికి చిక్కింది, అతను మోసపూరితంగా పదివేలని నింపుకున్నాడు, అది ఫోర్జరీ. తన సొంత సంతకమే అయినా వెనకటి తేదీ వేసి మరొకరి హక్కును దెబ్బతీసే పత్రం రాయడాన్ని కూడా ఆ ఉదాహరణల్లో చేర్చారు. బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోబోతుంటే యజమానీ బంధువూ కలిసి పాత తేదీతో పుట్టించే లీజులు ఈ కోవలోవే.

ఇక ఫోర్జరీ కిందకు రానిది. ఊళ్లో లేని అన్న ఇంటిని తమ్ముడు తన పేరుతో, తన సంతకంతో, ‘యజమానిని నేనే’ అని రాసి అద్దెకిచ్చాడు. అందులో ఉన్నది పచ్చి అబద్ధమే. కానీ ఆ కాగితం రాసింది తమ్ముడే, తమ్ముడిదిగానే అది కనిపిస్తోంది. ఇలాంటిది ఫోర్జరీ కాదని, మోసపోయినవారికి మోసం కేసు మిగులుతుందని సుప్రీంకోర్టు 2009లో బీహార్ నుంచి వచ్చిన ఒక అమ్మకపు దస్తావేజు కేసులో తేల్చింది. ఈ తేడా తెలియక పెట్టిన ఫోర్జరీ కేసులు హైకోర్టులో కొట్టుడుపోతుంటాయి.

రెండో అడుగు: ఒరిజినల్‌ను చదవండి

జిరాక్సు చూసి వాదనకు దిగకండి. నకలుకూ నకిలీకీ తేడా గుణింతంలోనే ఉంది. దిద్దుబాటు, అతికింపు, రెండు రకాల సిరా లాంటివన్నీ జిరాక్సులో మాయమవుతాయి. ఒరిజినల్ చూపించమని రాతపూర్వకంగా అడగండి. దావా వేశాక అయితే కోర్టు ద్వారా తనిఖీకి అవకాశం అడగవచ్చు. ‘ఒరిజినల్ పోయింది’ అనే జవాబు వస్తే దాన్ని భద్రంగా దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాగితం చేతికొచ్చాక ముందు దాన్ని తిప్పి చూడండి. స్టాంపు వెనుక దాన్ని అమ్మిన వెండారు ముద్ర, క్రమసంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, తండ్రి పేరు, ఎవరి కోసం కొన్నారన్నది ఉంటాయి. ఆ వివరాలే వెండారు రిజిస్టరులోనూ ఉండాలి. అదే క్రమసంఖ్య దగ్గర ఇంకెవరి పేరో, ఇంకేదో తేదీయో ఉంటే సగం కేసు అక్కడే తేలిపోతుంది. రిజిస్టరు వివరాల కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, అప్పటికీ రాకపోతే కోర్టు ద్వారా తెప్పించమని పిటిషన్ వేయవచ్చు. నోటరీ ముద్ర ఉంటే నోటరీ రిజిస్టరు కూడా చూడాలి. ప్రతి నోటరీ చట్టప్రకారం రిజిస్టరు నిర్వహించాలి. ముద్ర ఉండి రిజిస్టరులో నమోదు లేదంటే నోటరీయే సాక్షిగా రావాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక అపోహ. ఆరు నెలలు దాటిన స్టాంపు కాగితం చెల్లదని చాలామంది నమ్మకం. ఆ ఆరు నెలల గడువు వాడని స్టాంపుకు డబ్బు వాపసు తీసుకోవడానికే. 2008లో తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ కేసులో ఒకే ఒప్పందాన్ని వేర్వేరు తేదీల్లో, వేర్వేరు పేర్లతో కొన్న రెండు స్టాంపు కాగితాల మీద రాశారు. పాత స్టాంపు అయినంత మాత్రాన పత్రం చెల్లకుండా పోదు, కానీ అనుమానించడానికి అదొక కారణం కావచ్చు అంది కోర్టు. పత్రం నిజమైనదని రుజువు చేయాల్సిన భారం దాన్ని పట్టుకొచ్చినవారిదేనని కూడా అదే తీర్పులో చెప్పింది.

తర్వాత చూడాల్సింది కాలం. పాత తేదీ వేసి కాగితం పుట్టించేవాడు సంతకం మీద పెట్టిన శ్రద్ధ మిగతా వాటి మీద పెట్టడు. మన ఉదాహరణకే వద్దాం. 2015 మార్చి నాటి ఒప్పందంలో చిరునామా ‘కూకట్‌పల్లి, మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లా’ అని ఉంది. ఆ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు కూకట్‌పల్లి రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అలాగే 2020 నాటి విజయవాడ ఒప్పందంలో ‘ఎన్టీఆర్ జిల్లా’ అని కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు 2022 ఏప్రిల్ 4న వచ్చాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2018 నాటి కాగితంలో ఆంధ్రా బ్యాంకు ఖాతాకు యూనియన్ బ్యాంకు కోడ్ ఉంటే దానికి సమాధానం కావాలి. రూపాయి గుర్తును 2010 జూలైలో ఆమోదించారు, 2008 నాటి రసీదులో అది అచ్చై ఉండకూడదు. సాక్షి ఫోను నంబరు ఎప్పటిది, ఇంటి నంబరు ఎప్పుడు మారింది, ఇలా ఒక్కొక్కటీ తరచి చూడండి.

పేజీలనూ చూడండి. పిన్ను రంధ్రాలు లెక్కపెట్టండి. మొదటి పేజీకీ చివరి పేజీకీ నాలుగేసి రంధ్రాలుండి నడిమి పేజీకి రెండే ఉంటే ఆ పేజీ తర్వాత వచ్చి చేరిందన్నమాట. అన్ని పేజీల మీదా పొట్టి సంతకాలుండి ఒక్క పేజీ మీద లేకపోయినా, చివరి పేజీలో సంతకం పైన వాక్యాలు ఇరుకిరుకుగా కుక్కినట్టున్నా అనుమానించాలి. సంతకం ముందు, రాత తర్వాత జరిగినప్పుడు అలాగే ఉంటుంది.

కనిపెట్టిన ప్రతిదాన్నీ వెంటనే అవతలివారికి చెప్పేయకండి. ముందు సర్టిఫైడ్ కాపీలు చేతికి రానివ్వండి. మీ నోటీసు చదివాక దొరికే రిజిస్టరుకూ, ముందు దొరికే రిజిస్టరుకూ ఒక్కోసారి తేడా ఉంటుంది.

మూడో అడుగు: మీ వైపు చరిత్రను కూడగట్టండి

నకిలీ కాగితాన్ని గట్టిగా దెబ్బకొట్టేది నిపుణుడి నివేదిక కన్నా, ఏళ్ల తరబడి నడిచిన నిజమైన లావాదేవీ. ఒప్పందంలో అద్దె ఆరు వేలు అని ఉంది, బ్యాంకు స్టేట్‌మెంటులో మాత్రం నెలనెలా పన్నెండు వేలు జమ అవుతోంది. అలాంటప్పుడు ఆ ఒప్పందాన్ని ఎవరు నమ్ముతారు? పాస్‌బుక్కు, ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులు, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, అద్దె పెంచమంటూ పంపిన వాట్సాప్ సందేశాలు అన్నీ వరుసగా పెట్టుకోండి. ఐదు లక్షల అడ్వాన్సు ఇచ్చామంటే ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో చెప్పమనండి.

ఫోనులోని సందేశాలకు ప్రింటు ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కంప్యూటరు గుర్తు కూడా రాయాలి. ఆ ఫోనును అమ్మేయకండి.

ఇక ఉద్యోగులు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం ఆఫీసులో ఇచ్చే రసీదుల సంగతి. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. నిజానికి పది వేలు కట్టి ఇరవై వేలకు యజమాని సంతకం తామే గీకి ఇచ్చేవారున్నారు. అది ఆదాయపు పన్ను శాఖతో ఆగదు. రేపు అద్దె మీద తగువొస్తే యజమాని అదే రసీదును తెప్పించి ‘అద్దె ఇరవై వేలని ఇతనే ఒప్పుకున్నాడు’ అంటాడు. కాదనాలంటే ఫోర్జరీ చేశానని ఒప్పుకోవాలి.

గొడవ ఎలా నడుస్తున్నా అద్దెదారు అద్దె ఆపకూడదు. యజమాని తీసుకోకపోతే బ్యాంకు ద్వారా పంపాలి, లేదా కోర్టు అనుమతితో జమ చేయాలి. ఫోర్జరీ వాదన గెలిచి, ఉద్దేశపూర్వక ఎగవేత కింద ఇల్లు పోగొట్టుకోవడం కన్నా దురదృష్టం ఏముంటుంది?

నాలుగో అడుగు: అసలు ఆ కాగితం కోర్టులోకి రాగలదా

చాలామంది ఫోర్జరీ వెంట పడి దీన్ని వదిలేస్తారు. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనేది దేశమంతటా ఉన్న మాట. మన దగ్గర అది అంత సులువు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ చేయాల్సిందేనంది. రిజిస్టర్ కాని లీజును దాని షరతుల రుజువుకు కోర్టు తీసుకోదు, 49వ సెక్షన్ అడ్డుపడుతుంది. మహా అయితే ఆ వ్యక్తి ఇంట్లో ఏ హోదాలో ఉంటున్నాడన్న అనుబంధ విషయానికి చూస్తుంది. అంటే మన కూకట్‌పల్లి ఒప్పందంలోని ఇరవై ఏళ్ల షరతు, సంతకం నిజమైనదైనా అబద్ధమైనా, నిలబడటం కష్టం.

స్టాంపు సుంకం సంగతి ఇంకా కఠినం. తక్కువ సుంకంతో ఉన్న పత్రాన్ని లోటుతో పాటు పది రెట్ల దాకా జరిమానా కట్టాకే సాక్ష్యంలోకి తీసుకుంటారు. అయితే ఎగ్జిబిట్ నంబరు వేసే క్షణంలోనే మీ లాయరు లేచి అభ్యంతరం చెప్పాలి. ఒకసారి సాక్ష్యంగా చేరిపోయాక సుంకం తక్కువైందని ఆ కేసులో మళ్లీ ఎత్తడానికి స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఒప్పుకోదు. కోర్టు హాల్లో అర నిమిషం అజాగ్రత్త ఖరీదు ఇది.

ఐదో అడుగు: కాదని స్పష్టంగా రాయండి

‘సదరు ఒప్పందాన్ని మేము అంగీకరించడం లేదు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే చాలదు. మోసం, ఫోర్జరీ ఆరోపించేవారు వివరాలు రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు నాలుగో నిబంధన చెబుతోంది. సంతకం మీది కాదంటున్నారా, సంతకం మీదే కానీ ఖాళీ కాగితం మీద పెట్టారంటున్నారా, పేజీ మార్చారంటున్నారా? ఏదో ఒకటి ఎంచుకోండి. మొదట ‘నా సంతకం కాదు’ అని, నివేదిక వచ్చాక ‘ఖాళీ కాగితం మీద పెట్టాను’ అంటే నిజం చెప్పినా నమ్మేవారుండరు. రాతపూర్వక జవాబుకు గడువు సమన్లు అందిన 30 రోజులు, కోర్టు అనుమతితో 90 రోజుల దాకా.

ఆ పత్రం చెల్లదని ప్రకటించమని విడిగా కోరాలంటే తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు అడగాలి.

ఆరో అడుగు: నిపుణుడి దగ్గరకు పంపడం

సంతకం పోలిక కోసం ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపమని పిటిషన్ వేయవచ్చు. నిపుణుల అభిప్రాయానికి సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ ఉంది, కోర్టు తానే పోల్చి చూడటానికి 72వ సెక్షన్ ఉంది. 2024 జూలైకి ముందు నుంచి నడుస్తున్న కేసులకు పాత సాక్ష్య చట్టమే, అందులో ఇవి 45, 73.

పోలికకు ఇచ్చే నమూనాలే ఇక్కడ ప్రాణం. వివాదం మొదలయ్యాక వకాలత్నామా (లాయరును పెట్టుకునే పత్రం) మీద పెట్టిన సంతకాన్ని నమూనాగా ఇస్తే ‘కావాలని మార్చి పెట్టాడు’ అంటారు. ఒప్పందం తేదీకి ముందూ వెనుకా ఏడాది రెండేళ్లలో పెట్టిన, ఎవరూ కాదనలేని సంతకాలు కావాలి: బ్యాంకు ఖాతా ఫారాలు, రిజిస్టర్ అయిన దస్తావేజులు, సర్వీసు పుస్తకం, ఎల్‌ఐసీ ప్రతిపాదన. సిరా వయసు తేల్చమని అడిగేవారు చాలామంది. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. సిరా ఎప్పుడు తయారైందన్నది రాత ఎప్పుడు జరిగిందో చెప్పదు, పదేళ్ల నాటి పెన్నుతో ఈ రోజు రాయవచ్చు. ఖాళీ కాగితం మీద నిజమైన సంతకం అయిన కేసుల్లో సంతకం పోలిక మీకే ఎదురు తిరుగుతుంది. అక్కడ పంపాల్సిన ప్రశ్న వేరు: రాతా సంతకమూ ఒకదాని మీద ఒకటి పడిన చోట ఏది ముందు, ఏది తర్వాత?

ఏడో అడుగు: క్రిమినల్ ఫిర్యాదు

ఇప్పుడు స్టేషన్‌కు వెళ్లండి. ‘ఇది సివిల్ వివాదం, కోర్టులో చూసుకోండి’ అనే మాట వినడానికి సిద్ధంగా ఉండండి. దానికి జవాబు సెక్షన్లలో ఉంది.

మామూలు ఫోర్జరీ, అంటే న్యాయ సంహిత 336వ సెక్షన్ రెండో ఉపసెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష, బెయిలు దొరుకుతుంది, పోలీసులు తమంత తాము కేసు కట్టలేరు. మోసం చేయడానికి చేసిన ఫోర్జరీ 336లో మూడో ఉపసెక్షన్, ఏడేళ్ల దాకా, ఇందులో కట్టగలరు. నకిలీదని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ, దాన్ని అసలుదిగా వాడితే 340, తయారు చేసినవాడికి పడే శిక్షే. ఇంటి హక్కును సృష్టించే పత్రం, డబ్బు ముట్టినట్టు చెప్పే రసీదు లాంటి వాటిని ఫోర్జరీ చేస్తే 338, యావజ్జీవం లేదా పదేళ్ల దాకా జైలు, జరిమానా. ఎనిమిది వేల అద్దె రసీదు మీద యజమాని సంతకం గీకేవాడికి ఈ సంగతి తెలియదు. విచిత్రమేమిటంటే, ఇంత పెద్ద శిక్ష ఉన్న 338లో మామూలుగా పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. అయితే ఒకే ఘటనలో కట్టదగిన నేరం ఒక్కటున్నా కేసంతటినీ అలాగే చూడాలని నాగరిక సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 174వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఫిర్యాదులో వాస్తవాలను 336లో మూడో ఉపసెక్షన్, 340, మోసానికి సంబంధించిన 318లో నాలుగో ఉపసెక్షన్ వర్తించేలా విడమరచి రాయాలి.

2024 జూలై 1కి ముందు తయారైన పత్రానికి పాత శిక్షాస్మృతి సెక్షన్లు వర్తిస్తాయి. దాన్ని ఆ తర్వాత కోర్టులో దాఖలు చేస్తే వాడకానికి కొత్తవి. ఫిర్యాదులో రెండు తేదీలూ విడిగా రాయండి.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, నగరాల్లో అయితే కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలి. అప్పటికీ కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గర సురక్షా సంహిత 175వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద దర్యాప్తుకు ఆదేశించమని కోరవచ్చు, లేదా 223 కింద ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు.

‘కాగితం ఇప్పటికే కోర్టులో దాఖలైంది కదా, ఇక ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి’ అని అవతలి లాయరు వాదిస్తాడు. 2005లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చేసింది. పత్రం కోర్టు అదుపులోకి వచ్చాక దాని మీద నేరం జరిగితేనే ఆ అడ్డంకి. బయట తయారు చేసి తర్వాత దాఖలు చేసిన పత్రం మీద బాధితుడే ఫిర్యాదు చేయవచ్చు. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధపు సాక్ష్యం చెప్పడం మాత్రం వేరు. దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, కానీ సురక్షా సంహిత 379వ సెక్షన్ కింద ఆ కోర్టునే కదిలించాలి.

సంతకం చేసి మరచిపోయి ఇతరుల మీద ఫోర్జరీ కేసు పెట్టేవారూ ఉంటారు. తెలిసి తప్పుడు కేసు పెట్టడం న్యాయ సంహిత 248వ సెక్షన్ కింద నేరం.

సివిల్ కేసులో ఏం జరుగుతుంది

సివిల్ కేసూ క్రిమినల్ కేసూ పక్కపక్కనే నడవవచ్చు. ఒకదాని కోసం ఇంకోటి దానంతట అది ఆగదు. క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేని రుజువు కావాలి, సివిల్‌లో ఎటువైపు మొగ్గు ఉందన్నది చాలు. అందుకే అక్కడ నిర్దోషిగా బయటపడినవాడు ఇక్కడ ఇల్లు ఖాళీ చేయడం వింతేమీ కాదు.

అద్దెదారు తెచ్చిన కాగితం నకిలీదని తేలితే దాని మీద ఆధారపడిన రక్షణలన్నీ పోతాయి. ఇంజంక్షన్ (ఖాళీ చేయించకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) ఎత్తేస్తారు, వాస్తవ అద్దె లెక్కన నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. ఆ కాగితం అద్దె ఒప్పందం కాకుండా ‘ఈ ఇల్లు నేనే కొన్నాను’ అనే అమ్మకపు అగ్రిమెంటు అయితే ఇంకా ప్రమాదం. అద్దెకు దిగినవాడు ఆ అద్దె నడుస్తుండగా యజమాని హక్కును కాదనకూడదు. తెలంగాణ అద్దె నియంత్రణ చట్టం పదో సెక్షన్‌లో, సద్భావం లేకుండా యజమాని హక్కును నిరాకరించడమే ఖాళీ చేయించడానికి ఒక కారణం. యజమానే నకిలీ రసీదు తెస్తే బకాయి దావా పోతుంది, అడ్వాన్సు వడ్డీతో చెల్లించాల్సి రావచ్చు. కోర్టును మోసగించి తెచ్చుకున్న తీర్పు చెల్లదని, దాన్ని ఏ కోర్టులోనైనా ప్రశ్నించవచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి డిక్రీ చేతికొచ్చాక కూడా నిశ్చింత లేదు.

బ్రోకరు చేయించి ఇచ్చిన కాగితం మీద మీకే అనుమానం కలిగితే? దాన్ని దాఖలు చేయకండి. చేసేసి ఉంటే మీ లాయరుతో మాట్లాడి దాని మీద ఆధారపడటం లేదని మెమో వేయించండి. ‘నాకు తెలియదు’ అనే మాట ఆ రోజు చెల్లినట్టు, నిపుణుడి నివేదిక వచ్చిన మర్నాడు చెల్లదు.

చాలా కేసులు చివరికి రాజీకి వస్తాయి. ఫోర్జరీ ఇరుపక్షాలు చెప్పుకుని కొట్టేయించుకోగల నేరం కాదు. ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్న తగువుల్లో సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టు కేసు కొట్టేయవచ్చు, అదీ ఆ కోర్టు ఇష్టం. రాజీ పత్రంలో మూడు విషయాలు రాయించండి: తాళం చెవులు ఇచ్చే తేదీ, అడ్వాన్సు లెక్క, నకిలీ ఒప్పందపు ఒరిజినల్ ఎక్కడుంటుందన్నది. కోర్టు ఫైల్లో ఉంటే దాన్ని ఏ పక్షానికీ తిరిగి ఇవ్వవద్దని కోర్టును కోరండి. బయట ఉంటే మీ ఎదురుగా ప్రతి పేజీ మీదా అడ్డంగా ‘రద్దు’ అని రాయించి, ఇద్దరి సంతకాలతో ఆ కాగితాలు మీ చేతికి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.